ట్రాక్షన్ అవాన్, డీఎస్ 21: ఒకే తుప్పు, రెండు తీర్పులు

యజమానురాలి ప్రశ్న సూటిది. తండ్రి పోయాక పాకలో రెండు పాత ఫ్రెంచి కార్లు, సిట్రోయెన్లు, మిగిలాయి. ఒకటి 1954 నాటి ట్రాక్షన్ అవాన్ 11 బీఎల్, రెండోది 1970 నాటి డీఎస్ 21. చేతిలో ఉన్న డబ్బుకు ఒక బండి పూర్తిగా తయారవుతుంది, రెండోది రోడ్డెక్కేంత వరకే. దేనికి ఎంత పెట్టాలి?

ఇంట్లో వాళ్లు అప్పటికే ఒక మాట అనేసుకున్నారు. డీఎస్ రంగు నిగనిగలాడుతోంది, తలుపులు మెత్తగా పడుతున్నాయి, దానికి కాస్త ఆయిలూ కొన్ని రబ్బర్లూ చాలు. ట్రాక్షన్ ఒళ్లంతా తుప్పు బొబ్బలు, మడ్‌గార్డుల అంచులు కొరికేసినట్టున్నాయి, డబ్బంతా దానికే పోయాలి. లారీ మీంచి దించుతున్నప్పుడు చూసినవాళ్లెవరైనా ఇదే అంటారు. తనిఖీ అయ్యేసరికి లెక్క తలకిందులైంది. ఈ రెండు బండ్లూ తమ బరువును మోసుకునే పద్ధతులు వేరు కాబట్టి, ఒక దాని మీద భయపడాల్సిన తుప్పు రెండో దాని మీద పట్టించుకోనక్కర్లేనిది.

మాది యానాం. ఫ్రాన్సులో లియోన్ పక్కన ఒక చిన్న షెడ్డులో పాత ఫ్రెంచి కార్ల బాడీ, హైడ్రాలిక్ పని చూస్తుంటాను. యజమానురాలు సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

ఒకే చేతుల పని

ఈ రెండు బండ్లకూ మధ్య ఇరవై ఒక్క ఏళ్ల తేడా. నేను చెప్పేది షెడ్డుకు వచ్చిన ఈ రెండిటి వయసు కాదు, ఆ మోడళ్లు పుట్టిన సంవత్సరాలు. ట్రాక్షన్ 1934 ఏప్రిల్‌లో బయటికొచ్చింది, డీఎస్ 1955 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో. అయినా రెండిటి వెనకా ఉన్నది ఆ ఇద్దరే: ఇంజినీరు ఆంద్రే లెఫెవ్ర్, శిల్పి ఫ్లామినియో బెర్తోని. ఇద్దరూ 1964లోనే పోయారు. డీఎస్ మొహాన్ని 1967లో మార్చి, అద్దాల వెనక దీపాలు పెట్టింది రొబేర్ ఒప్రోన్. మా దగ్గరికొచ్చిన డీఎస్‌ది ఆ మొహమే, స్టీరింగు తిప్పితే లోపలి దీపాలు కూడా అటే తిరుగుతాయి.

ట్రాక్షన్ తన కంపెనీనే ముంచినంత పని చేసింది. ముందు చక్రాలకు డ్రైవు, విడిగా ఛాసిస్ లేని బాడీ, మెలితిరిగే ఉక్కు కడ్డీల (టార్షన్ బార్) సస్పెన్షన్, హైడ్రాలిక్ బ్రేకులు అన్నీ ఒకే బండిలో పెట్టారు. అదే ఊపులో పారిస్‌లో జావెల్ రేవు పక్కనున్న ఫ్యాక్టరీని తిరగకట్టారు. అప్పులు మీద పడి 1934 డిసెంబరులో కంపెనీ దివాలా తీసింది, అప్పిచ్చినవాళ్లలో పెద్దదైన మిషెలిన్ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఆంద్రే సిట్రోయెన్ మరుసటి ఏడాది జూలైలో చనిపోయాడు. ఆయన ఈ బండికి ఆటోమేటిక్ గేర్‌బాక్సు పెట్టాలనుకున్నాడు. అది పరీక్షల్లో నిలబడకపోతే ఆఖరి గడియలో మూడు గేర్ల బాక్సు ఒకటి తయారుచేసి ఇరికించారు. ఆ హడావిడి ఫలితం ఇప్పటికీ మా బెంచీ మీదికి వస్తూనే ఉంటుంది. ఇంజను మీద కంటే ట్రాక్షన్ గేర్‌బాక్సు మీద పెట్టిన ఖర్చే ఎక్కువన్న యజమానులు నాకు చాలామంది తెలుసు.

డీఎస్ దగ్గర కూడా ఇలాంటి సర్దుబాటే జరిగింది. దానికి ఆరు సిలిండర్ల కొత్త ఇంజను అనుకున్నారు, కుదరలేదు. ట్రాక్షన్‌లో ఉన్న 1911 సీసీ ఇంజనుకే కొత్త అల్యూమినియం హెడ్డు వేసి పెట్టారు. 1965లో వేరే ఇంజను వచ్చేదాకా డీఎస్ బానెట్ కింద కొట్టుకున్నది ట్రాక్షన్ గుండే. ఇటు డీఎస్ సస్పెన్షన్ కూడా ముందు ట్రాక్షన్ మీదే రోడ్డెక్కింది. 1954లో వచ్చిన ఆరు సిలిండర్ల 15-సిక్స్ హెచ్ వెనక చక్రాలకు గ్యాసు, నూనె సస్పెన్షన్ పెట్టి అమ్మారు. మా 11 బీఎల్ పుట్టిన ఏడాదే అది.

ట్రాక్షన్ 1957 వరకు సుమారు 7 లక్షల 60 వేలు, డీఎస్ దాని చౌక రూపం ఐడీతో కలిపి 1975 వరకు 14 లక్షల 50 వేలకు పైగా తయారయ్యాయి. అందుకే రెండిటికీ విడిభాగాలు కొత్తగా చేసి అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. తలుపు రబ్బరు నుంచి తలుపు కింది సిల్లు రేకు వరకు దొరుకుతుంది. ఈ కేసులో ఏ నిర్ణయమూ "సామాను దొరకదు" అన్న కారణంతో తీసుకున్నది కాదు.

బరువు ఎక్కడుంది

ట్రాక్షన్‌లో పైకి కనబడే రేకులో చాలా భాగం బండిని మోసేదే. నేల, పైకప్పు, తలుపుల కింద పెట్టెలా ఉండే సిల్లులు, మధ్య స్తంభాలు అన్నీ కలిపి వెల్డు చేసిన ఒకే గూడు. ముందు భాగంలో ఆ గూటి నుంచి రెండు కొమ్ములు పొడుచుకొస్తాయి. ఇంజను, గేర్‌బాక్సు, ముందు సస్పెన్షన్ మొత్తం ఆ కొమ్ముల మీదే వేలాడుతుంది. కాబట్టి ట్రాక్షన్ కొనేవాడు మొదట చూడాల్సినవి ఆ కొమ్ములు, ఆ తర్వాత సిల్లులు. మిగతాది తర్వాత.

కొమ్ములు గట్టిగా ఉన్నాయి. సుత్తి పిడితో తట్టుకుంటూ పోతే చివరిదాకా ఒకే మోత వచ్చింది. సిల్లులకు పెట్టే పరీక్ష వేరు. ట్రాక్షన్‌లో ముందు తలుపూ వెనక తలుపూ రెండూ మధ్య స్తంభానికే బిగించి ఉంటాయి, రెండు తలుపుల బరువూ ఒకే చోట దిగుతుంది. ఆ స్తంభం కింద సిల్లు మెత్తబడితే గూడు అక్కడే వంగుతుంది. బండిని నేల మీదే ఉంచి, తలుపు పై సందులో ఒక కాగితం ముక్క పెట్టి, ముందు ఒక మూల కింద జాకీ పెట్టి నెమ్మదిగా లేపాం. కుడి పక్క కాగితం అటూ ఇటూ జరుగుతూనే ఉంది. ఎడమ పక్క జాకీ కొంచెం లేవగానే కాగితం బిగుసుకుంది, ఇంకొంచెం లేపాక లాగితే చిరిగింది. స్తంభం కింద కార్పెట్టు తీసి స్క్రూడ్రైవరు నొక్కితే అరచేతి వెడల్పున దిగిపోయింది.

ట్రాక్షన్ జబ్బు ఇంతే. ఇది కాక డిక్కీ నేల కొంత పోయింది, అది మామూలే. యజమానురాలిని భయపెట్టిన మడ్‌గార్డులు బోల్టులు విప్పితే చేతికొచ్చేవి. అవి బండిని మోయవు. వాటి తుప్పు కంటికి బాధ, అంతకు మించి ఏమీ లేదు.

డీఎస్‌లో కథ పూర్తిగా వేరు. అక్కడ లోపల ఒక ఉక్కు అస్థిపంజరం ఉంటుంది, బయట కనబడేదంతా దానికి తగిలించిన తొడుగు. బానెట్ అల్యూమినియం, పైకప్పు ఫైబర్‌గ్లాసు. వెనక మడ్‌గార్డు ఒక్క బోల్టు మీద నిలబడుతుంది. వెనక చక్రం మార్చాలంటే దాన్ని తీయాలి గనుక చక్రం పానాతోనే విప్పేలా చేశారు. ఈ పద్ధతి మెకానిక్కుకు వరం, కొనేవాడికి ఉచ్చు. తొడుగులకు ఎన్నిసార్లు రంగు వేసినా లోపలి ఎముక సంగతి బయటపడదు.

ఎడమ వెనక మడ్‌గార్డు తీయగానే సంగతి తెలిసింది. పైకప్పు అంచు చుట్టూ ఉండే సీలు ఎండి పగిలింది. అక్కడ దిగిన నీరు వెనక స్తంభం లోపలి నుంచి కిందికి జారి, సస్పెన్షన్ సిలిండరు ఆనుకునే చోట నిలిచింది. రేకు పొరలు పొరలుగా ఊడి చేతిలోకొచ్చింది. అక్కడి నుంచి సిల్లులోకి వెళ్లాం. అది మూసిన పెట్టె, కంటితో చూడలేం. నీరు పోయే రంధ్రంలోంచి కెమెరా తీగ దూర్చి చూస్తే లోపలి గోడ సగం లేదు. కింది వైపు ఎప్పుడో ఎవరో ఒక పలక పరిచి, చుక్కలు చుక్కలుగా వెల్డు చేసి, మీద మందంగా నల్లటి తారు పూత కొట్టేశారు. రంగు నిగనిగలాడుతుంటే లోపల చెద తినేసిన గుమ్మం లాంటిది ఈ బండి. ఇలాంటి డీఎస్‌లు మార్కెట్లో చాలానే తిరుగుతుంటాయి. ఫోటో చూసి కొనకండి అని నేను మొత్తుకునేది అందుకే.

ఇంజన్ల సంగతి

దీని మీద ఎక్కువ రాయాల్సింది లేదు. ట్రాక్షన్ ఇంజను 78 మి.మీ. బోరు (సిలిండరు వెడల్పు), 100 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). నెమ్మదిగా తిరిగి బరువు లాగే రకం. పిస్టన్లు ఆడే గొట్టాలు, అంటే లైనర్లు, నీళ్లలోనే ఉంటాయి, అరిగితే పీకి కొత్తవి దించుకోవచ్చు, బోరు కొట్టించే పని లేదు. కనెక్టింగ్ రాడ్ల బేరింగులు మాత్రం 1954 బండ్లలో పోత పోసిన తెల్లలోహం, విడిగా మార్చుకునే షెల్లులు 1955లో వచ్చాయి. సిలిండర్లలో కాస్త నూనె పోసి హ్యాండిల్‌తో చేత్తో తిప్పాం, ఎక్కడా పట్టలేదు. ఇంజను కింది నూనె తొట్టి (సంపు) దించి చూస్తే బేరింగులు బాగానే ఉన్నాయి. స్టీరింగు చివరిదాకా తిప్పి కదిలిస్తే ఎడమ డ్రైవ్‌షాఫ్టు టకటకమంది, కీలు అరిగింది. ముందు బ్రేకు డ్రమ్ము కొస సన్నబడే ఇరుసు (టేపరు) మీద బిగుసుకుని ఉంటుంది, దాన్ని లాగడానికి దానిదే పుల్లరు కావాలి. మామూలు మూడు కాళ్ల పుల్లరు పెట్టి లాగిన వాళ్లు విరగ్గొట్టిన డ్రమ్ములు మా గోడకు తగిలించి ఉన్నాయి.

డీఎస్ 21 ఇంజను 2175 సీసీ, 90 బోరు, 85.5 స్ట్రోకు, క్రాంకుకు మూడు బదులు ఐదు బేరింగులు. మొండి ఇంజను. దీని గురించి బాధ పడాల్సిన పని రాలేదు.

నూనె చెప్పే కబుర్లు

డీఎస్ హైడ్రాలిక్స్ అనగానే సగం మంది మెకానిక్కులు చేతులెత్తేస్తారు. అందులో అర్థం కానిదేమీ లేదు. బెల్టుతో తిరిగే ఏడు పిస్టన్ల పంపు నూనెను తోడుతుంది, ప్రెషర్ రెగ్యులేటరు ఆ ఒత్తిడిని 150 బార్లకు కాస్త అటూ ఇటూగా నిలుపుతుంది. సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగు, ఈ బండిలోనైతే గేర్లు, క్లచ్ కూడా ఆ ఒక్క నూనె మీదే పనిచేస్తాయి. ప్రతి చక్రానికీ ఒక గోళం. గోళం మధ్యలో రబ్బరు పొర, ఒక పక్క నైట్రోజన్, ఇంకో పక్క నూనె. స్ప్రింగు పని గ్యాసుది. నలుగురు ఎక్కి బండి కుంగితే హైట్ కరెక్టరు ఇంకొంచెం నూనె పంపి మళ్లీ పాత ఎత్తుకు తెస్తుంది. దీన్నంతా రూపుదిద్దిన పాల్ మజెస్‌కు పెద్ద డిగ్రీలేవీ లేవు.

మూత తీసి మొదట చూసేది నూనె రంగు. 1966 చివరిదాకా వచ్చిన డీఎస్‌లలో ఎర్ర నూనె ఉండేది. అది గాలిలో తేమను పీల్చి గొట్టాలను లోపలి నుంచి తుప్పు పట్టించేది. తర్వాత ఆకుపచ్చ రంగు ఖనిజ నూనె ఎల్‌హెచ్‌ఎమ్ వచ్చింది. ఒక దానికి చేసిన సీళ్లు రెండో దానిలో బతకవు. 1970 బండిలో ఆకుపచ్చ ఉండాలి, దీన్లో పసుపు తిరిగిన గోధుమ రంగు ఉంది. పాతబడిందే తప్ప కల్తీ లేదు. ఈ బండికి పట్టిన అదృష్టం ఇదొక్కటే. ఎవరైనా అవసరానికి మామూలు బ్రేక్ ఆయిలు పోసి ఉంటే సీళ్లన్నీ ఉబ్బిపోయేవి, అప్పుడు బాడీ పని కంటే అదే పెద్ద ఖర్చయ్యేది.

తర్వాత వినాలి. ఇంజను ఐడ్లింగులో పెట్టి రెగ్యులేటరు దగ్గర చెవి పెడితే "టిక్" అని వినిపిస్తుంది. పంపు ఒత్తిడి నింపడం మొదలుపెట్టినప్పుడూ ఆపినప్పుడూ వచ్చే చప్పుడది. ఆరోగ్యంగా ఉన్న బండి ఆ చప్పుడు చేసి చాలాసేపు ఊరుకుంటుంది. ఇది రెండు మూడు సెకన్లకోసారి టిక్‌టిక్‌మంటూనే ఉంది. అంటే నూనెను దాచే అక్యుమ్యులేటరు గోళంలో గ్యాసు అయిపోయి ఉండాలి, లేదా లోపలెక్కడో నూనె వెనక్కి కారిపోతుండాలి. గోళం మార్చాం. విరామం పెరిగింది కానీ చాలినంత కాదు. అప్పుడు ట్యాంకుకు తిరిగొచ్చే గొట్టాలను ఒక్కొక్కటే ఊడదీసి సీసాలో పెట్టి చూశాం. అన్నిటిలో చుక్క చుక్క పడుతుంటే స్టీరింగు రాక్ వైపు గొట్టంలో మాత్రం ధార కట్టింది. దొంగ దొరికాడు.

చక్రాల గోళాలను బెంచీ మీద పంపుకు బిగించి కొలిచాం. ముందువి 59 బార్లు, వెనకవి 26 బార్ల దగ్గర ఉండాలి. ముందు రెండూ దాదాపు ఖాళీ. ఈ కాలపు గోళాలు రెండు చిప్పలుగా విప్పుకోవచ్చు, పొర మార్చి మళ్లీ గ్యాసు నింపితే ఇంకో కొన్నేళ్లు నడుస్తాయి.

బండి కదిలేటప్పుడు కుదుపు ఇస్తోందని, గేర్‌బాక్సు దించాలేమో అని యజమానురాలికి ఎవరో చెప్పారట. హైడ్రాలిక్ గేర్ల డీఎస్‌లో క్లచ్ ఎప్పుడు పట్టాలో తేల్చేది ఇంజను వేగం. కాబట్టి ముందు కార్బురేటరు, ఇగ్నిషన్, ఐడ్లింగ్ సరిచేసి, ఆ తర్వాతే క్లచ్ సెట్టింగు ముట్టుకోవాలి. ఆ వరుసలో చేస్తే కుదుపు పోయింది. గేర్‌బాక్సు ఉన్నచోటే ఉంది.

రోడ్డు మీద

ట్రాక్షన్‌కు ఎడమ సిల్లు, బ్రేకులు, కీలు అయ్యాక లియోన్ పడమటి కొండల దారిలో నడిపాను. సిల్లు కోసే ముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనప పట్టీలు వెల్డు చేసుకున్నాం, లేకపోతే గూడు వంకర పోయి తలుపు మళ్లీ పడదు. డ్యాష్‌బోర్డులోంచి బయటికొచ్చే గేరు రాడ్డును తొందరపెడితే గరగరమంటుంది, కాస్త ఆగి తోస్తే జారిపోతుంది. నిలబెట్టి స్టీరింగు తిప్పాలంటే భుజాలు నొప్పెడతాయి. మలుపులో మాత్రం, 1934 నాటి ఊహ అని మర్చిపోయేంత నిబ్బరంగా పోతుంది. ఇంజను ముందు చక్రాల వెనక, నేల తక్కువ ఎత్తులో, నాలుగు చక్రాలూ నాలుగు మూలలకు. లెఫెవ్ర్ ఈ లెక్కను డీఎస్‌లోనూ వదల్లేదు.

డీఎస్‌ను మా ప్రాంగణంలోనే కాస్త దూరం నడిపాం, ఆ సిల్లుతో రోడ్డెక్కించే సాహసం చేయలేదు. బ్రేకు పెడలు ఉండదు, నేల మీద పుట్టగొడుగు తలలాంటి రబ్బరు బొత్తాం ఉంటుంది. అది ఎంత దూరం దిగిందన్నది కాదు, ఎంత ఒత్తామన్నదే లెక్క. కొత్తవాళ్లు అందరూ మొదట ముందద్దానికి నుదురు ఆనించినంత పని చేస్తారు. 1962 ఆగస్టు 22న పెతి క్లమార్‌లో అధ్యక్షుడు దె గోల్ మీద కాల్పులు జరిగినప్పుడు టైర్లు పేలినా ఆయన డీఎస్ తప్పించుకుపోయింది. ఈ కథ చెప్పని డీఎస్ యజమాని ఫ్రాన్సులో దొరకడు. ఘనతంతా సస్పెన్షన్‌కే ఇస్తారు, నా లెక్కలో ముందు చక్రాల జ్యామితికీ అందులో వాటా ఉంది. స్టీరింగు తిరిగే ఇరుసు చక్రం మధ్యగా పోతుంది కాబట్టి పేలిన టైరు స్టీరింగును పక్కకు లాగదు. దానికి తోడు ముందు చక్రాల మధ్య 1500 మి.మీ., వెనక 1300 మి.మీ. ఎడం.

నిర్ణయం

మేం చెప్పింది కుటుంబం అనుకున్నదానికి తిరగేసి. తుప్పు బండికి తక్కువ డబ్బు, మెరిసే బండికి ఎక్కువ. ట్రాక్షన్ మడ్‌గార్డులకు తుప్పు గీకి మందు పూసి అలాగే వదిలేశాం, రంగు తర్వాతైనా వేయించుకోవచ్చు. ఫ్రాన్సులో 1960కి ముందు పుట్టి, కలెక్షన్ వాహనంగా (సేకరణకు దాచుకున్న పాత బండిగా) నమోదైన కార్లకు సాంకేతిక తనిఖీ మినహాయింపు 2017 నుంచి ఉంది కాబట్టి అది వెంటనే రోడ్డెక్కింది. మినహాయింపు కాగితానికే గానీ బ్రేకులకు కాదు గనుక, మా రోలర్ల మీద చక్రం చక్రానికీ బ్రేకు కొలిచాకే తాళాలిచ్చాం. డీఎస్ కలెక్షన్‌గా నమోదైనా ఐదేళ్లకోసారి తనిఖీకి వెళ్లాల్సిందే, ఈ సిల్లుతో దాటదు.

డీఎస్‌ను ఉన్నదున్నట్టు అమ్మేస్తే అన్న మాట కూడా వచ్చింది. రంగు చూసి మంచి ధర ఇచ్చేవాడు దొరుకుతాడు. సిల్లు సంగతి చెప్పి అమ్మితే ధర సగానికి సగం పడుతుంది, చెప్పకుండా అమ్మితే ఆ బండిలో కూర్చునేది ఎవరి పిల్లలో. ఆమె రెండోది ఆలోచించనైనా లేదు.

డీఎస్‌లో బాడీకి ఒక ఖర్చు, హైడ్రాలిక్స్‌కు ఒక ఖర్చు అని విడగొట్టే వీల్లేదు. వెనక చక్రాలకు పోయే సన్నటి గొట్టాల కట్ట బాడీ పొడవునా పరుచుకుని ఉంటుంది, వెల్డింగు ముందు అది బయటికి రావాలి. బయటికొచ్చిన ఆ వయసు గొట్టాలను మళ్లీ పెట్టడం తెలివితక్కువ. అందుకే రెండు పనులకూ కలిపి ఒకే అంచనా ఇచ్చాం. తొడుగులు మాత్రం విప్పి దుప్పట్లలో చుట్టి పక్కన పెట్టాం. ఆ రంగును ముట్టుకునే పని లేదు.

ఇప్పుడు అస్థిపంజరం, వంకర పోకుండా పట్టి ఉంచే జిగ్గు మీద ఉంది. కొత్త సిల్లులు చుక్కల వెల్డుతో నిలబెట్టాం. అద్దాలతో సహా తలుపులు తగిలించి సందులు కొలిచాకే పూర్తి వెల్డు పడుతుంది. స్టీరింగు రాక్ సీళ్లు మార్చి వచ్చింది. గొట్టాల కట్ట వంచడం వచ్చే వారం మొదలవుతుంది.